అడుగు

గేటు లేదు. గొలుసు లేదు. టికెట్టు చింపేవాడు లేడు.
గుడిసె గోడ మీద చేత్తో రాసిన కాగితం ఒకటి,
తడికి ఉబ్బి, నాలుగు మేకుల్లో మూడే మిగిలి:
"శిఖరం మీద నిలబడకండి. అది మా తాత తల."

నేను పాల ట్యాంకర్ నడుపుతాను.
హావెరా నుంచి ఒపునాకే దాకా, తెల్లారగట్ల మూడింటికి,
ఇరవై రెండేళ్ళుగా.
ఏ కొట్టం దగ్గర ఆగినా, ఏ మలుపు తిరిగినా
అద్దంలో ఈ కొండే. తరనాకి.
చూసి చూసి, చూడడమే మానేసినంత చుట్టరికం.

ఆ రోజు సంచిలో డెస్మండ్ ఉన్నాడు.
బిస్కెట్ల డబ్బా అంత డబ్బాలో, నా తమ్ముడు.
"పైన చల్లెయ్, పైకంటా," అన్నాడు పోయే ముందు.
సరే అన్నాను.
మంచం పక్కన కూర్చున్నవాడు ఇంకేమంటాడు?

గుడిసె చూసుకునే మనిషి హినేరౌ టీ పోసింది.
మోకాలికి పట్టీ, గడ్డం మీద పచ్చబొట్టు.
డబ్బా వైపు ఒకసారి చూసింది. ఆమెకి తెలిసిపోయింది.
ఒకప్పుడు ఈయన ఈ దీవి నడిబొడ్డున ఉండేవాడట,
ప్రేమలో ఓడి, పడమటికి నడిచొచ్చి,
సముద్రం అడ్డం వస్తే ఆగాడట.
ఈడ్చుకుంటూ వచ్చిన బాట నది అయిందట.
"ఈయన మనిషేనని పార్లమెంటు మొన్ననే ఒప్పుకుంది,
మాకు అంత ఆలస్యం కాలేదు," అని నవ్వింది.

"వద్దంటున్నారా?" అన్నాను.
"అడుగుతున్నాను," అంది.

ఆ మాట నాతో పాటు కొండెక్కింది.
వద్దంటే పోట్లాడేవాణ్ణి. చట్టం చూపించమనేవాణ్ణి.
ఈ కొండ కింద పుట్టినవాణ్ణి నేనూ, అని
గొంతు చించుకునేవాణ్ణి.
అడిగినవాళ్ళతో ఎలా పోట్లాడను?
పొడిరాళ్ళ వాలు అది.
రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారిపోతుంది.

బల్లి అని పిలిచే గట్టు దగ్గర
దిగుతున్న కుర్రాడొకడు ఫోన్ చూపించాడు:
కొసరాయి మీద ఒంటికాలిపై, చేతులు చాచి, వాడు.
బాగుందన్నాను. ఫోటో బాగానే ఉంది కూడా.

మంచు నిండిన గిన్నె దాటాక
మిగిలింది పదకొండు అడుగులు. లెక్కపెట్టాను.
గాలికి డబ్బా మూత టకటకలాడుతోంది.
అప్పుడు ఎందుకో గుర్తొచ్చింది
న్యూ ప్లిమత్ ఆసుపత్రి, కిటికీ లేని గది.
జుట్టంతా రాలిన డెస్మండ్ తలని
గోరువెచ్చటి గుడ్డతో తుడిచేవాణ్ణి.
చెవి వెనక ఒక మచ్చ,
చిన్నప్పుడు నేనే రాయి విసిరి చేసింది.
నర్సు హడావిడిగా దిండు లాగితే
అరిచాను ఆమె మీద, జీవితంలో అంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు:
మెల్లగా. తల అది. మెల్లగా.

ఎత్తుకెక్కడానికీ నెత్తికెక్కడానికీ
మధ్య పదకొండు అడుగులే.
కూర్చుండిపోయాను అక్కడే,
డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, మూత మీద చెయ్యి పెట్టి.
మాట తప్పాను రా, అన్నాను.
డెస్మండ్ మామూలుగానే జవాబివ్వలేదు.
కాసేపటికి మబ్బు వచ్చి
పైనున్నదాన్నంతా కప్పేసింది. ఎవరో దుప్పటి లాగినట్టు.

కిందికొచ్చాక హినేరౌ ఎంతవరకు వెళ్ళావని అడగలేదు.
పేరేమిటంది. నాదనుకుని చెప్పబోయాను.
కాదన్నట్టు డబ్బా వైపు చూసింది.
చెప్పాను.
ఆమె గుమ్మంలోకి వెళ్ళి, మబ్బుకేసి తలెత్తి
"డెస్మండ్," అంది,
ఇద్దరు మనుషుల్ని ఒకరికొకరిని పరిచయం చేసే గొంతుతో.

ఇంకా నాతోనే తిరుగుతున్నాడు.
మూడింటికి లారీ తీస్తే, పక్క సీట్లో బరువు పసిగట్టి
బెల్టు పెట్టమని బండి గోల పెడుతుంది.
పెడతాను.
ఒపునాకే మలుపులో కొండ కనపడ్డప్పుడు
కొంచెం వేగం తగ్గిస్తాను.
ఏం చెయ్యాలో తెలీదు వీణ్ణి.
అడగాలి ఎవరినైనా.